‘అవును’కి ఎన్ని మార్కులు?

సంపాదకులకు,

కాలేజీలో చేరిన మొదటి వారంలోనో, కోచింగ్ సెంటర్లో బ్యాచ్‌లు వేసే ముందో, ఉద్యోగం ఇంటర్వ్యూలోనో ఇప్పుడు ఒక కాగితం చేతిలో పెడుతున్నారు, లేదంటే ఫోనుకి లింకు పంపుతున్నారు. యాభై, అరవై ప్రశ్నలుంటాయి. ‘అవును’, ‘కాదు’ల్లో ఒకదానికి టిక్కు పెట్టాలి. కాసేపట్లో రంగురంగుల రిపోర్టు వస్తుంది: తొందరపాటు ఇంత శాతం, రిస్కు తీసుకునే గుణం ఇంత శాతం, ఎంపతీ ఇంత శాతం. ఎంపతీ నలభై దగ్గర ఆగితే మా పిల్లాడికి గుండెలో తడి లేదా అని తల్లి కంగారు. రిస్కు ఎనభై దాటితే వీడికి బండి తాళాలు ఇవ్వొద్దని తండ్రి కంగారు. పత్రికల ఆదివారం అనుబంధాలు కూడా ఇదే సరుకును పది ప్రశ్నలకు కుదించి, ‘7 కంటే ఎక్కువ వస్తే జాగ్రత్త’ అని పేజీ అడుగున తలకిందులుగా అచ్చేస్తున్నాయి.

మేం మనస్తత్వ కొలతల పాఠం చెప్పేవాళ్లం, తెలుగులో ప్రశ్నావళులు తయారుచేసేవాళ్లం. ఇవన్నీ బూటకమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. సరిగ్గా వాడితే పనికొచ్చే పరికరాలే. మా అభ్యంతరమల్లా, ఇంగ్లిష్‌లో కుదిరిన ప్రశ్న తెలుగులోకి వచ్చాక ఏమవుతుందో చూడకుండా, వచ్చిన అంకెను ఎక్కడివాళ్ల సగటుతోనో పోల్చి, పిల్లల మీద ముద్ర వేయడం గురించి.

ఈ మూడు గుణాలనూ ఒకే కాగితం మీద అడిగే ప్రశ్నావళుల్లో బాగా పేరున్నది ‘ఐ7’. సిబిల్ ఐసెంక్, ఆమె సహచరులు 1985లో పెద్దవాళ్ల కోసం ప్రచురించారు. మొత్తం 54 ప్రశ్నలు. తొందరపాటుకు 19, తెగువకు (రిస్కు తీసుకునే గుణానికి) 16, సహానుభూతికి (ఎంపతీకి) 19. మూడు రకాలూ కలిసిపోయి ఉంటాయి కాబట్టి రాసేవాళ్లకు ఏ ప్రశ్న దేన్ని కొలుస్తోందో వెంటనే తెలియదు. పిల్లల కోసం 1984లోనే వేరే రూపం ప్రచురించారు. అయినా పదహారేళ్ల ఇంటర్ విద్యార్థికి పెద్దవాళ్ల కాగితమే ఇవ్వడం మామూలైపోయింది. సహానుభూతి ప్రశ్నలకు మూలం మెహ్రాబియన్, ఎప్‌స్టైన్‌లు 1972లో తయారుచేసిన 33 అంశాల పట్టిక. ఇది గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

లెక్క చివర వచ్చేవి మూడు మొత్తాలు. నాలుగోది లేదు. మూడూ కూడి ‘వ్యక్తిత్వ స్కోరు’ అని ఒక అంకె ఇచ్చిన రిపోర్టు కనబడితే, దాన్ని తయారుచేసినవాళ్లు సూచనల కాగితం చదవలేదని అర్థం.

మూడింటినీ విడదీయడం వెనక పెద్ద కారణమే ఉంది. తొందరపాటూ తెగువా మన మాటల్లో ఒకే గంపలో పడతాయి. ‘వాడు దూకుడు మనిషి’ అంటే ఆలోచించకుండా నోరు జారేవాడూ కావచ్చు, భయం లేనివాడూ కావచ్చు. సిబిల్, ఆమె భర్త హాన్స్ ఐసెంక్‌లు ఈ తేడాకి డ్రైవింగ్ ఉదాహరణ ఇచ్చారు. దాన్ని శ్రీశైలం ఘాట్‌ రోడ్డు మీదికి తెచ్చి చూద్దాం. ముందేముందో కనబడని మలుపు. ఒక డ్రైవరు పక్కవాడితో మాట్లాడుతూ ఎదురు బస్సు రావచ్చన్న ఆలోచనే లేకుండా రాంగ్ సైడులో మలుపు తిప్పేస్తాడు. అది తొందరపాటు. రెండోవాడు బస్సు రావచ్చని తెలిసే, ఆ జివ్వుమనే అనుభవం కోసం తిప్పుతాడు. అది తెగువ. లోయలో పడితే ఇద్దరి బండీ ఒకలాగే నుజ్జవుతుంది కానీ, ఆపే మార్గాలు వేరు. మొదటివాడికి హెచ్చరిక బోర్డు పనికొస్తుంది. రెండోవాడికి ఆ బోర్డే ఆహ్వానం. ఫ్యాక్టర్ ఎనాలిసిస్ (ఏ జవాబులు ఒకే గుంపుగా కదులుతున్నాయో చూసే లెక్క) చేసినప్పుడు కూడా తొందరపాటు ఐసెంక్‌ల సిద్ధాంతంలోని సైకోటిసిజం (ఎదుటివాళ్లను పట్టించుకోని మొండితనం) వైపు, తెగువ బహిర్ముఖత (నలుగురిలో కలిసే గుణం) వైపు మొగ్గాయి. (ఇక్కడో పక్కమాట. హాన్స్ ఐసెంక్ మరొకరితో కలిసి వ్యక్తిత్వానికీ క్యాన్సర్, గుండెజబ్బులకూ ముడిపెట్టి రాసిన 26 పత్రాలు నమ్మదగినవి కావని 2019లో కింగ్స్ కాలేజ్ లండన్ విచారణ తేల్చింది. ఈ ప్రశ్నావళి ఆ గొడవలో లేదు. పేరు ఒకటే కాబట్టి అనుమానం రావడం మాత్రం సహజం.)

ఇప్పుడు తెలుగు సంగతి. అసలు పేచీ ఇక్కడే.

ఇంగ్లిష్ ప్రశ్నావళిలో నిర్ణయం తీసుకునే ముందు ‘దాని మీద ఒక నిద్ర తీస్తారా’ అనే అర్థం వచ్చే వాడుక ఒకటుంది. తెల్లారేదాకా ఆగడం అని భావం. ఫోనులోని అనువాద యంత్రానికి ఇస్తే ‘మీరు దానిపై పడుకోవడానికి ఇష్టపడతారా’ అని రావచ్చు. పిల్లలు నవ్వుకుని ఏదో ఒక టిక్కు పెడతారు. ఆ టిక్కూ మొత్తంలో కలుస్తుంది. తెలుగులో అదే ప్రశ్న ‘పెద్ద నిర్ణయమైతే ఒక రాత్రి గడవనిచ్చి, పొద్దున చెబుతారా?’ అని ఉండాలి.

ఇది నవ్వి వదిలేసే తప్పు. నవ్వు రాని తప్పు ఇంకోటుంది. ‘మీకు కొత్తవాళ్లతో మాట్లాడటం ఇష్టం ఉండదా?’ అని అడిగారనుకోండి. ఇష్టం లేని అమ్మాయి ఏం టిక్కు పెడుతుంది? మన ఇళ్లలో ఇలా అడిగితే ‘అవును, ఉండదు’ అంటాం. అడిగిన మాట నిజమేనని ఒప్పుకోవడం మన ‘అవును’. ఇంగ్లిష్ మీడియంలో చదివిన ఆమె స్నేహితురాలు అదే ప్రశ్నకు, అదే అర్థంతో, ‘కాదు’ అని టిక్కు పెడుతుంది. ‘నో, ఐ డోంట్’ అలవాటు. ఇద్దరికీ ఒకటే స్వభావం, మార్కులు మాత్రం చెరో రకం. ఇక్కడ మనం కొలిచింది బిడియాన్ని కాదు, బడి మీడియాన్ని.

ఇంగ్లిష్‌లో మొదట ఇలాంటి వ్యతిరేక ప్రశ్నలు తక్కువే. తెలుగులోకి వచ్చేటప్పుడు పుట్టుకొస్తాయి. ‘సెల్డమ్’ లాంటి మాటకు మనకు ఉన్నది ‘అరుదుగా’. అది పుస్తకాల్లో మాట, ఇంటి మాట కాదు. అందుకని అనువాదకులు ‘మీకు ఎప్పుడోగానీ కోపం రాదా?’ అని రాస్తారు. తెలుగు చక్కగా ఉంది, కొలత పాడైపోయింది. దీనికి మందు సులువే. ప్రశ్నార్థకం తీసేసి వాక్యం చేయండి, వ్యతిరేకం తీసేసి నేరుగా చెప్పండి: ‘నాకు తొందరగా కోపం వస్తుంది’. దాని పక్కన ‘నా విషయంలో నిజం’, ‘నా విషయంలో నిజం కాదు’ అని రెండు గడులు. ‘అవును’, ‘కాదు’ల జోలికి పోనే వద్దు. అయితే ఇలా రూపం మారిస్తే అది కొత్త పరికరమే అవుతుంది, దాని నమ్మకాన్ని మళ్లీ మొదటినుంచీ పరీక్షించుకోవాలి. ‘నేను’ అని రాయడంలో ఇంకో లాభం, పిల్లలకు ‘నువ్వు’ అనాలా ‘మీరు’ అనాలా అన్న తగాదా తీరిపోతుంది.

నాలుగు గడుల ప్రశ్నావళుల్లో ఇంకో గుంట ఉంది. తొందరపాటును కొలవడానికి ఎక్కువగా వాడే బారట్ స్కేలు పదకొండో రూపం 1995లో వచ్చింది. 30 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు. ఒక కొసన ‘అసలు లేదు లేదా ఎప్పుడో ఒకసారి’, ఇంకో కొసన ‘దాదాపు ప్రతిసారీ’. తెలుగులో ఈ రెండో కొసకు ‘ఎప్పుడూ’ అని అచ్చేస్తారు. ‘ఎప్పుడూ’ అన్న మాట ఒంటరిగా నిలబడితే ఎటైనా పోతుంది. ఎప్పుడూ చేస్తాను, ఎప్పుడూ చేయను. చివరి క్రియ లేకపోతే దానికి దిక్కు లేదు. చదివేవాళ్లలో కొందరు అటు, కొందరు ఇటు తీసుకుంటారు. 4 రావాల్సిన చోట 1, 1 రావాల్సిన చోట 4. గడిలో ‘ప్రతిసారీ’, ‘అసలు లేదు’ అని రాస్తే సరిపోయేది.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. ‘ఇంపల్సివ్‌నెస్’ను కొందరు దూకుడు అంటున్నారు, కొందరు ఆవేశం, కొందరు ఉద్వేగం. క్రికెట్ వార్తల్లో దూకుడు మెచ్చుకోలు. ఆవేశం అంటే కోపం వైపు లాగుతుంది. తొందరపాటే దగ్గరి మాట అని మా అభిప్రాయం. ఎంపతీకి ‘సహానుభూతి’ అని రాస్తే అచ్చులో ‘హ’ ఎగిరిపోయి ‘సానుభూతి’ అవుతుంది. ఒక్క అక్షరం తేడాతో ఎదుటివాళ్లతో కలిసి అనుభవించడం పోయి, వాళ్ల మీద జాలిపడటం మిగులుతుంది. కాబట్టి రిపోర్టులో పేరు ఏదైనా పెట్టుకోండి, ప్రశ్నలో మాత్రం ఈ మాట రానీయకండి. ‘ఎవరైనా ఏడుస్తుంటే నాకూ కళ్లలో నీళ్లు తిరుగుతాయి’ అంటే చాలు. ‘ఏడుస్తున్నవాడు’ అనీ, ‘ఏడుస్తున్న ఆమె’ అనీ రాయొద్దు. మగవాడి కన్నీళ్లకూ ఆడవాళ్ల కన్నీళ్లకూ మన దగ్గర ఒకే జవాబు రాదు.

తెగువ ప్రశ్నల్లో మాటలు కాదు, వస్తువులే వేరు. మంచు కొండ మీంచి స్కీయింగ్, పారాచూట్‌తో దూకడం, స్కూబా డైవింగ్, నీళ్ల మీద స్కీ, కొండ గుహల్లోకి దిగడం. ఇష్టమేనా అని అడుగుతాయి. పాడేరు కుర్రాడు వీటిలో సగం వీడియోల్లో మాత్రమే చూసి ఉంటాడు, మిగతా సగం అదీ లేదు. ‘కాదు’ అంటే పిరికివాడనా, ఆ ఆట ఏమిటో తెలియదనా? స్కీయింగ్‌కి బదులు మనవి పెడదామని తాటిచెట్టు ఎక్కడం, వేటపడవలో అలలు దాటడం చేర్చిన అనువాదకులు ఉన్నారు. ఉద్దేశం మంచిదే, పని చెడింది. కల్లు గీసే కుటుంబానికి తాటిచెట్టు ఎక్కడం సరదా కాదు, కూడు. మత్స్యకారుల పిల్లాడికి అలలు దాటడం నాన్నతో పనికి పోవడం. సరదా కోసం చేసే పనే తెగువ ప్రశ్నకు పనికొస్తుంది. జాతరలో జెయింట్ వీల్ పై గడిలో కూర్చోవడం, దిగుడుబావి గట్టు మీంచి దూకి ఈదడం, బండి మీద ఖాళీ హైవే. వీటితోనూ ఆడపిల్లల దగ్గర చిక్కే. బావిలో దూకడం ఇష్టమా అంటే ఇష్టమే, దూకనిస్తే కదా! ‘చేస్తాను’ అన్న ప్రశ్నకూ ‘వీలైతే చేయాలని ఉంది’ అన్న ప్రశ్నకూ అమ్మాయిల జవాబులు వేరుగా వస్తున్నాయంటే, అక్కడ స్వభావంతోపాటు ఇంట్లో ఇచ్చిన అనుమతి కూడా లెక్కలోకి దూరిందన్నమాట. అబ్బాయిల జవాబులతో కలిపే ముందు ప్రతి ప్రశ్ననూ విడివిడిగా చూసుకోవాలి.

లెక్క వేయడం తేలిక అనుకుంటాం. ఎక్కువ తప్పులు అక్కడే దొర్లుతాయి. కొన్ని ప్రశ్నలు తిరగేసి లెక్కించాలి. ‘ఏ పనైనా బాగా ఆలోచించాకే మొదలుపెడతాను’ అన్నదానికి నిజం అంటే తొందరపాటులో సున్నా, నిజం కాదు అంటే ఒకటి. ఇలాంటివి మూడున్నాయనుకోండి. వాటిని తిరగేయడం మర్చిపోతే, అచ్చమైన నిదానస్తుడికి మూడు మార్కులు ఊరకే కలుస్తాయి, అసలైన తొందరపాటు మనిషికి మూడు తగ్గుతాయి. ఇద్దరూ మధ్యకు జరిగి ఒకలాగే కనిపిస్తారు. బారట్ స్కేలులో అయితే 30లో 11 వాక్యాలు ఇలాంటివే. అక్కడ 1ని 4గా, 2ని 3గా మార్చాలి. అది మర్చిపోతే మిగిలేది చెత్తబుట్టే. పట్టుకునే ఉపాయం ఉంది. ప్రతి ప్రశ్న మార్కునూ మిగతా ప్రశ్నల మొత్తంతో పోల్చి సహసంబంధం (రెండూ కలిసి పెరుగుతున్నాయో లేదో) చూడండి. ఏ ప్రశ్నకైనా మైనస్ గుర్తు వస్తే తిరగేయడం మర్చిపోయి ఉంటారు, లేదా అనువాదం తలకిందులై ఉంటుంది.

ఖాళీగా వదిలిన గడులకు సున్నా వేయకూడదు. 19 ప్రశ్నల్లో 17కి జవాబిచ్చి 9 మార్కులు తెచ్చుకున్నవాళ్లకు 9ని 19తో హెచ్చించి 17తో భాగించండి, 10 వస్తుంది. రెండు మూడు కంటే ఎక్కువ ఖాళీలుంటే ఆ భాగానికి మార్కు ఇవ్వకపోవడమే మేలు. ఒకే ప్రశ్నను ఇరవై మంది ఖాళీగా వదిలేశారంటే తప్పు వాళ్లది కాదు, ప్రశ్నది. పై నుంచి కిందికి గీత గీసినట్టు అన్నీ ‘అవును’ పెట్టిన కాగితాలు పక్కన పెట్టాలి. తిరగేసే ప్రశ్నలు ఉండేదే ఇలాంటివి బయటపెట్టడానికి.

అబద్ధాల సంగతి? ఐసెంక్‌ల 1975 నాటి 90 ప్రశ్నల వ్యక్తిత్వ ప్రశ్నావళిలో మంచివాళ్లలా కనిపించాలనే తాపత్రయాన్ని పట్టడానికి 21 ప్రశ్నలు విడిగా ఉండేవి. ఐ7లోని మూడు భాగాల్లో అలాంటిది లేదు. కాబట్టి పేరు, హాల్‌టికెట్ నంబరు రాయించి, లెక్చరర్ వరసల మధ్య తిరుగుతుంటే రాసిన సహానుభూతి మార్కును మేం నమ్మం. ఉద్యోగం ఇంటర్వ్యూలో అసలే నమ్మం. ‘ఎదుటివాళ్ల కష్టం నాకు పట్టదు’ అని హెచ్‌ఆర్ వాళ్ల ముందు టిక్కు పెట్టేదెవరు?

ఇక శాతాల వ్యవహారం. మనకు బడి నుంచీ 35 పాసు మార్కు, 60 ఫస్టు క్లాసు. 19కి 11 వస్తే 58 శాతం అని రాయగానే తల్లిదండ్రుల కళ్లకు అది సెకండ్ క్లాసులా కనబడుతుంది. ఇది పరీక్ష కాదు, ఇక్కడ వందకి వంద గొప్పా కాదు. 11 ఎక్కువో తక్కువో చెప్పేది ఆ వయసు, ఆ లింగం, ఆ భాష వాళ్ల సగటు. ఇంగ్లిష్ పట్టికల్లో వయసు పెరిగేకొద్దీ తెగువ బాగా పడిపోతుంది. సహానుభూతిలో ఆడవాళ్ల సగటు ఎక్కువ, తెగువలో మగవాళ్లది ఎక్కువ. అందుకే ఆడా మగా కలిపి ఒకే గీత గీస్తే చాలామంది అబ్బాయిలు ఊరికే ‘ఎంపతీ తక్కువ’ గదిలో పడతారు. ఇంగ్లండ్ పెద్దవాళ్ల పట్టికతో వరంగల్ ఇంటర్ పిల్లల్ని పోల్చడం, వాళ్ల చెప్పుల సైజుతో మన పాదాన్ని కొలవడం లాంటిది కూడా కాదు. సైజు అంకెకు కనీసం కొలవగలిగే ఒక పొడవుంటుంది.

సగటు సరిగ్గా దొరికినా అంకె చుట్టూ మసక ఉంటుంది. ఐ7లో తొందరపాటు, తెగువ భాగాలకు ఆల్ఫా విశ్వసనీయత (ఒక భాగంలోని ప్రశ్నలు ఎంతగా కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది) 0.8 పైనే వచ్చింది. సహానుభూతిది 0.7 దరిదాపుల్లో ఆగింది. అంటే ఏమిటో లెక్కేసి చూద్దాం. ఒక తరగతిలో సహానుభూతి మార్కుల ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) 3, విశ్వసనీయత 0.69 అనుకోండి. ఒకటిలోంచి 0.69 తీసేస్తే 0.31, దాని వర్గమూలం 0.56. మూడుతో హెచ్చిస్తే 1.7. ఇది కొలతలో ఉండే సగటు పొరపాటు. దానికి రెండింతలు అటూ ఇటూ వదిలితే, 11 వచ్చిన పిల్లవాడి అసలు మార్కు సుమారు 8 నుంచి 14 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 10 వచ్చినవాడిని కౌన్సెలింగ్‌కి పంపి 12 వచ్చినవాడిని వదిలేయడానికి ఆధారమేమీ లేదు. దశాంశ స్థానాలతో 57.89 శాతం అని అచ్చేసే రిపోర్టు ఈ మసకను దాచిపెడుతోంది.

మరి రెండు వందల మంది సగటుతో ఇంకో రెండు వందల మంది సగటును పోల్చడానికి? దానికి భేషుగ్గా పనికొస్తుంది. ఈ పరికరాలు పుట్టిందే అందుకు.

బారట్ స్కేలు వాళ్లు 72, ఆపైన వస్తే తొందరపాటు బాగా ఎక్కువనీ, 52 కంటే తక్కువైతే మరీ బిగబట్టుకునే మనిషో, నిజం రాయని మనిషో అనీ 2009లో సూచించారు. ఆ గీతలు అమెరికా జవాబుల నుంచి వచ్చాయి. తెలుగు రిపోర్టుల్లో 72 దగ్గర ఎర్ర గీత కనబడితే, ఎవరి 72 అని అడగండి.

సహానుభూతి గురించి ఇంకో మాట. పైన చెప్పిన 1972 పట్టిక ప్రధానంగా మనసు కరగడాన్ని కొలిచేది. ఎదుటివాడి స్థానంలో నిలబడి ఆలోచించడం వేరే సంగతి. రోడ్డు మీద యాక్సిడెంటైంది. ఒకరు రక్తం చూసి కళ్లు తిరిగి పక్కకు వాలిపోయారు. ఇంకొకరు కన్నీళ్లేమీ పెట్టకుండా 108కి ఫోన్ చేసి, గాయానికి తువ్వాలు అదిమి పట్టారు. కరుగుడు ప్రశ్నల్లో మొదటివాళ్లకే ఎక్కువ మార్కులు వస్తాయి. మార్క్ డేవిస్ 1980లో ప్రచురించిన 28 అంశాల సూచిక ఈ చిక్కును కొంత విప్పింది. ఏడేసి అంశాల చొప్పున నాలుగు భాగాలు: ఎదుటివాళ్ల కోణంలో చూడటం, కథల్లో పాత్రలతో మమేకం కావడం, పరాయి కష్టానికి మనసు కరగడం, ఆ కష్టం చూసి తానే కుదేలవడం. ఒక్కో అంశానికి 0 నుంచి 4 కాబట్టి ఒక్కో భాగం 28కి. నాలుగూ కూడి 112కి లెక్కేయకూడదు. కుదేలయ్యే గుణం ఎక్కువున్నవాళ్లకు ఎదుటి కోణంలో చూడటం తక్కువగా ఉండే మొగ్గు ఉంది. రెండూ కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయి. నర్సింగ్, పోలీసు శిక్షణల్లో ఎంపతీ కొలవాలనుకునేవాళ్లు ఐ7 కంటే ఇది తీసుకోవడం నయం.

ప్రశ్నలొద్దు, ఆటలు పెడదాం అనేవాళ్లున్నారు. 2002లో వచ్చిన బెలూన్ పరీక్ష వాటిలో పేరున్నది. బాగా వాడుకలో ఉన్న రూపంలో తెర మీద 30 బెలూన్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. గాలి కొట్టినకొద్దీ డబ్బు పెరుగుతుంది, పేలితే ఆ బెలూన్ మీద సంపాదించిందంతా పోతుంది. 1 నుంచి 128 కొట్టుడుల మధ్య ఎప్పుడైనా పేలొచ్చు. పేలని బెలూన్లకు సగటున ఎన్నిసార్లు కొట్టారన్నదే మార్కు. చూడముచ్చటగా ఉంటుంది కానీ, దీని మార్కుకూ ప్రశ్నావళి మార్కుకూ పొంతన స్వల్పమే. ఒకటి ఈ పూట ఈ ఆటలో ఏం చేశావని చూస్తుంది, రెండోది మామూలుగా నువ్వెలాంటి మనిషివని అడుగుతుంది. ఒకదాని బదులు ఇంకోటి వాడొద్దు. పైగా రిస్కు అన్నిచోట్లా ఒకటి కాదు. చీటీపాటలో తెగించే మనిషి బండి మీద హెల్మెట్ లేకుండా గడప దాటకపోవచ్చు. 2002 నాటి డోస్పర్ట్ స్కేలు అందుకే డబ్బు, ఆరోగ్యం, ఆటవిడుపు, నీతి, నలుగురిలో మెలగడం అని విడివిడిగా అడుగుతుంది.

తెలుగులో చేయాలనుకునే కాలేజీకి మేం చెప్పే దారి ఇది. ముందు హక్కుదారుల అనుమతి. తర్వాత ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, వారిలో ఒకరు మనస్తత్వశాస్త్రం తెలియనివాళ్లయితే మంచిది. రెండూ కలిపి ఒకటి చేశాక, మూలం చూడని మూడోవాళ్లు దాన్ని తిరిగి ఇంగ్లిష్ చేయాలి. 1970లో బ్రిస్లిన్ రాసినప్పటి నుంచీ ఈ తిరుగు అనువాదం ఆనవాయితీ. దీన్ని మరీ నెత్తిన పెట్టుకోవద్దు. తెలివైన అనువాదకులు పాడైన తెలుగులోంచి కూడా సరైన ఇంగ్లిష్ ఊహించి రాసేస్తారు. అసలు పరీక్ష ఆ తర్వాతిది. శ్రీకాకుళం, కర్నూలు, ఖమ్మం మాటతీరున్న పది పదిహేను మందిని కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్న చదివించి ‘ఇది మిమ్మల్ని ఏం అడుగుతోంది, మీ మాటల్లో చెప్పండి’ అని వినాలి. ‘ఎప్పుడూ’ లాంటి గుంటలు ఇక్కడే బయటపడతాయి. అప్పుడు ప్రశ్నకు ఐదు నుంచి పది మంది చొప్పున, అంటే 54 ప్రశ్నలకు 270 నుంచి 540 మంది దగ్గర జవాబులు తీసుకుని, మూడు గుణాలూ తెలుగులోనూ మూడుగానే విడిపోతున్నాయో లేదో చూడాలి. తొందరపాటు, తెగువ కలిసిపోయి రెండే మిగిలితే అనువాదం మళ్లీ మొదటికి. విడిపోతే, అందులో కొంతమందికి రెండు నుంచి నాలుగు వారాల తర్వాత మళ్లీ ఇచ్చి మార్కులు నిలకడగా ఉన్నాయేమో చూడాలి. సగటు పట్టికలు ఆ తర్వాతే. అంతర్జాతీయ టెస్ట్ కమిషన్ 2017లో సవరించిన మార్గదర్శకాలు దాదాపు ఇవే చెబుతాయి. ఏడాది పని. లింకు కొని పంపడం ఒక మధ్యాహ్నం పని. ఏది ఎందుకు జరుగుతోందో వేరే చెప్పక్కర్లేదు.

18 ఏళ్లు నిండనివాళ్ల డిజిటల్ సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. లింకు పంపే కాలేజీలు దీన్ని చదువుకోవాలి. జవాబులు ఎవరి సర్వర్‌లో ఉంటాయి, ఎన్నాళ్లుంటాయి, చేరిక ఫారంతో కలుస్తాయా అన్నవి తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడగదగ్గ ప్రశ్నలు. విశాఖలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వంద మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలు అర్హతగల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించుకోవాలి. మనిషిని పెట్టమన్నారు. మనిషికి బదులు ప్రశ్నావళి సరిపోతుందని ఎక్కడా అనలేదు. అలాగే, ‘ఆలోచించకుండా నాకు నేను హాని చేసుకున్నాను’ వంటి వాక్యం ఉన్న ప్రశ్నావళి ఇస్తే, ఆ గడిలో టిక్కు పెట్టిన పిల్లల్ని ఆ రోజే కలిసే మనిషి ఎవరో ముందే నిర్ణయమై ఉండాలి. కాగితాలు సోమవారం తీసుకుని వచ్చే నెల లెక్కేస్తామంటే అసలు అడగనే వద్దు.

చివరిగా మీ పత్రికకూ తోటి పత్రికలకూ ఒక విన్నపం. అనుబంధాల్లో ఇలాంటి పరీక్ష వేసినప్పుడు ప్రశ్నలు ఏ ప్రశ్నావళి నుంచి తీసుకున్నారో, ఏ వయసువాళ్లవో ఒక లైను వేయండి. సొంతంగా అల్లినవైతే సరదాకని రాయండి, తప్పేం లేదు. ‘7 కంటే ఎక్కువైతే’ అన్న తలకిందుల లైను మాత్రం తీసేయండి. ఏ ప్రశ్నలూ ‘లేదా?’, ‘రాదా?’, ‘ఉండదా?’ అని ముగియకుండా సబ్ ఎడిటర్ ఒక్కసారి చూస్తే, సగం పని అయినట్టే.

ఇట్లు,
మనస్తత్వ కొలతల అధ్యాపకులు, ప్రశ్నావళి అనువాదకులు కొందరు